పాత బ్లాకులో నిండు సీసాలు

కరోనా తగ్గి బడులు మళ్ళీ పిల్లలతో నిండిన రెండో ఏడాది, ఆగస్టు నెల. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు తిరిగే సందుల్లో ఒకదానిలో ఉన్న ఆడపిల్లల హైస్కూలు నుంచి నాకు పిలుపొచ్చింది. బడి పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ చదివినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళకు దానితో పని లేదు. నేను ఆరు నుంచి పది దాకా చదువుకున్నది ఆ బడిలోనే కాబట్టి పిలుపు రాగానే ఫీజు మాట కూడా ఎత్తకుండా సరేనన్నాను. ఇంట్లో దానికి చివాట్లు తిన్నాను.

నేను ఆర్కిటెక్చర్ చదివాను కానీ ఇళ్ళు కట్టించను. నా పనిని పోస్ట్ ఆక్యుపెన్సీ ఎవాల్యుయేషన్ అంటారు. అంటే భవనం కట్టి, రిబ్బను కత్తిరించి, జనం అందులో మసలడం మొదలుపెట్టాక వెళ్ళి, అది వాళ్ళకు నిజంగా పనికొస్తోందా లేదా అని చూడడం. ఇందులో రెండు భాగాలు. ఒకటి కొలిచేది: వెలుతురు, వేడి, చప్పుడు, మెట్ల ఎత్తు, నడవా వెడల్పు. రెండోది అడిగేది: వాడేవాళ్ళకు ఎలా ఉంది, ఏది హాయి, ఏది చిరాకు. మొదటిదానికి మీటర్లున్నాయి, అవి అబద్ధం చెప్పవు. రెండోది మనుషులు చెప్పాలి. మనవాళ్ళేమో ఎదుటివాడి మనసు నొచ్చుకుంటుందని చెప్పరు. ఇన్నేళ్ళ నా తలనొప్పంతా ఈ రెండోదానితోనే.

బడిని నడిపే ట్రస్టుకు రాజలింగం గారు సెక్రటరీ. ఉస్మాన్‌గంజ్‌లో తాతల నాటి మిర్చి, పసుపు దుకాణం ఆయనది. మనిషి మంచివాడు, మాట మాత్రం వాళ్ళ సరుకంత ఘాటు. నా పనేమిటో ఓపిగ్గా వివరిస్తే అంతా విని తల పంకించారు.

"కట్టినంక వచ్చి చూస్తరన్నట్టు. పెండ్లయినంక జాతకాలు కలిపినట్టుంది గదమ్మా."

నాకు ఈ మాట కొత్త కాదు. పెళ్ళయ్యాక చూస్తే రెండో పెళ్ళికైనా పనికొస్తుందని నా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. అన్నాను. ఆయన పెద్దగా నవ్వి అసలు విషయంలోకి వచ్చారు. బడిలో రెండు బ్లాకులున్నాయి. ముందున్నది పాతది, రాతి గోడలది, ఎత్తు కప్పులది, పొడవాటి వరండాది. వెనక నాలుగంతస్తుల కొత్త బ్లాకు కట్టి కొంతకాలమే అయింది. ట్రస్టులో సగం మంది పాతది పడగొట్టి కొత్తదాని లాంటిదే ఇంకొకటి లేపుదామంటున్నారు. మిగతా సగం పాతదాన్ని ముట్టుకోవద్దంటున్నారు. వాదులాడీ వాదులాడీ అలిసిపోయి, బయటివాళ్ళ చేత చూపించి ఆ రిపోర్టు ఎలా చెప్తే అలా చేద్దామని ఒప్పుకున్నారు. కాబట్టి పాత బ్లాకు ఉంటుందా కూలుతుందా అన్నది ఇప్పుడు నా రిపోర్టు మీద ఆధారపడింది.

నేను బయటిదాన్ని కాదని, ఆ వరండాలో ఐదేళ్ళు గెంతినదాన్నని ముందే చెప్పాను. ఆయన పట్టించుకోలేదు. వాళ్ళ ఇంటావిడ కూడా అక్కడే చదివిందట. ఆ లెక్కన ఈ చుట్టుపక్కల బయటి మనిషి దొరకడం కష్టమన్నారు.

ఆ వార్త ఎలా పాకిందో కానీ మర్నాడే కాచిగూడ నుంచి కామేశ్వరి టీచర్ ఫోన్ చేశారు. మాకు కుట్టుపని నేర్పినావిడ. వాళ్ళ నాన్నగారు సచివాలయంలో ఉద్యోగానికి కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. టీచర్ మాట ఇప్పటికీ ఆ గోదావరి యాసలోనే ఉంటుంది. పాత బ్లాకు వరండా చివర, రెండు వైపులా కిటికీలున్న మూల గది ఆవిడది. సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు కావాలని పట్టుబట్టి తీసుకున్నారట. రుమాలు మీద పువ్వు కుట్టి తీసుకెళ్తే ముందు వైపు చూసేవారు కాదు. తిరగేసి, వెనక ముడులు, దారాలు ఎలా ఉన్నాయో చూసి మార్కులు వేసేవారు. ఆ గదిలో కూర్చుని ఎంత కుట్టామో తెలియదు కానీ ఎంత నవ్వామో చెప్పలేను. ఎవరి పెళ్ళి కుదిరినా, ఎవరి ఇంట్లో గొడవైనా మొదట తెలిసేది ఆ గదిలోనే.

"మన గది అలాగే ఉందా పద్మా?" అన్నారు. అలాగే ఉంది టీచర్, ఇప్పుడు అందులో విరిగిన బెంచీలు పెట్టారు అన్నాను. "బెంచీలు పెట్టుకోనీ. పడగొట్టనీకు. నీ చేతిలో ఉందటగా." ఆ మాటకు నాకు గర్వంగానే అనిపించింది, దాచుకోవడమెందుకు. ఆవిడ మమ్మల్ని ఏదైనా అడగడం అదే మొదటిసారి.

పని మామూలుగా మొదలుపెట్టాను. రేటింగ్ స్కేలు ఫారాలు అచ్చు వేయించాను. గాలి ఎలా ఉంది, వెలుతురు ఎలా ఉంది, టీచరు మాట వినపడుతుందా, కూర్చునే చోటు, గోడల రంగు, నీళ్ళు, బాత్రూములు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. చివర మీకేమనిపిస్తే అది రాయండని నాలుగు గీతలు. పిల్లలు పేర్లు రాయనక్కర్లేదు. హెడ్మిస్ట్రెస్ సునీత మేడమ్‌కు ఇచ్చి, రెండు బ్లాకుల్లోనూ పంచి పెట్టించండని కోరాను. నెమ్మదైన మనిషి, పనిలో మాత్రం గట్టిది. వారం తిరక్కుండా ఫారాలన్నీ తరగతుల వారీగా, రోల్ నంబర్ల క్రమంలో, మూలకు తెల్ల దారం కట్టి ఇచ్చారు. పేర్లు వద్దంటే రోల్ నంబర్లు ఎక్కడి నుంచి వచ్చాయో నేను అప్పుడే అనుమానించాల్సింది.

ఇంటికొచ్చి తెరిచి చూస్తే అన్నీ ఐదులే. ఒక తరగతి కాదు, అన్ని తరగతులూ, రెండు బ్లాకులూ. చివరి నాలుగు గీతల్లో అందరూ ఒకే మాట రాశారు: "మా పాఠశాల భవనము మిక్కిలి చక్కగా ఉన్నది. గాలి, వెలుతురు ధారాళముగా వచ్చును." ఏడో తరగతి కట్టలో ఒకమ్మాయి గోడల రంగుకు మూడు వేస్తే, దాన్ని ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన ఐదు వేసి, టీచరు పొట్టి సంతకం కూడా పెట్టింది.

మర్నాడు వెళ్ళి అడిగితే సునీత మేడమ్ తప్పేం జరిగిందో అర్థం కాక నా మొహం చూశారు. ఫారాలు వచ్చాయంటే పరీక్షే కదా అని టీచర్లు ముందు రోజే బోర్డు మీద కీ రాసి, పిల్లలతో రెండుసార్లు ప్రాక్టీసు చేయించారట. బయటి నుంచి వచ్చిన మేడమ్ ముందు బడి పరువు పోకూడదు కదా అన్నారు. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. మా కాలంలో ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి ఎత్తమని నేర్పేవారు. ఆ బడి అంత తేలిగ్గా మారుతుందా?

మీటర్లు మాత్రం వాటి పని అవి చేశాయి. కొత్త బ్లాకులో మధ్యన నడవా, అటూ ఇటూ గదులు. ఒక గదిలో లెక్కలు, ఎదురు గదిలో హిందీ పద్యం, రెండూ నడవాలో కొట్టుకుంటాయి. పై అంతస్తు మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. పాత బ్లాకులో గోడ మందానికి వేడి లోపలికి రాదు, వరండా నీడకు కళ్ళు చికిలించక్కర్లేదు, ఎత్తు కప్పు కింద టీచరు గొంతు పెంచకుండానే చివరి బెంచీకి వినపడుతుంది. లక్స్ మీటరు, అంటే వెలుతురును కొలిచే పరికరం, బల్లల మీద పెట్టి చూస్తే పాత బ్లాకు అంకెలే బాగున్నాయి. లోలోపల సంబరపడుతూనే రాసుకున్నాను.

ఇక మిగిలింది పిల్లల మాట. ఫారాలు చెత్తబుట్ట పాలయ్యాయి కాబట్టి వాక్‌త్రూ చేద్దామనుకున్నాను. ఇది ప్రశ్నలు లేని పద్ధతి. వాడేవాళ్ళలో ఒకరిని వెంటబెట్టుకుని భవనమంతా తిరగడం, వాళ్ళు ఎక్కడ ఆగుతారో, ఏం చూపిస్తారో, ఏది చూపించరో గమనించడం. పాత బ్లాకులో ఎనిమిదో తరగతి చదివే శ్రావణిని ఇచ్చారు. సన్నగా, రెండు జడలతో, మాటల పుట్ట. నేను ఈ రోజే బడిలో చేరిన పిల్లననుకుని అంతా చూపించమన్నాను. ఆ అమ్మాయి నెరిసిన నా జుట్టు చూసి కిసుక్కుమంది కానీ వెంటనే ఆటలోకి దిగింది.

ఫ్యాను గాలి ఏ బెంచీకి తగులుతుందో చెప్పింది. కిటికీ అరుగు మీద వీపు ఆనించి కూర్చుంటే రాయి చల్లగా ఉంటుందని కూర్చోబెట్టి మరీ చూపించింది. వరండాలో నాలుగో స్తంభం చాటున నిలబడితే ప్రేయర్‌లో పెదాలు కదపకపోయినా టీచరుకు కనపడదట. ఆ స్తంభం చాటున నేనెన్ని ప్రేయర్లు ఎగ్గొట్టానో. వాన పడితే నీళ్ళు ఏ తూము దగ్గర ధారగా దూకుతాయో, అక్కడ చేయి పెడితే ఎవరు తిడతారో కూడా చెప్పింది. తిట్టే మనిషి మారింది, తూము అదే. ఒక్కో చోట ఆ పిల్ల నోరు తెరవక ముందే ఏం చెప్తుందో నాకు తెలిసిపోతోంది. రిపోర్టు అప్పటికే మనసులో రాసేసుకున్నాను: పాత బ్లాకు ఉండాలి, గోడకు మేకు కూడా కొట్టకూడదు.

మధ్యాహ్నం గంట కొట్టారు. పాత బ్లాకు పిల్లలంతా వరండా మెట్ల మీద వరసలుగా కూర్చుని డబ్బాలు తెరిచారు. శ్రావణి నన్ను కూడా కూర్చోమంది. ఒకమ్మాయి చింతకాయ పచ్చడి అన్నం, ఒకమ్మాయి టమాటా బాత్, శ్రావణిది కోడిగుడ్డు పొరటు. తలా ఒక ముద్ద నా చేతిలో పెట్టారు. పచ్చడన్నం పిల్లకు కారం నషాళానికి అంటింది. కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు ఎర్రబడింది. పక్కనే నిండు సీసా ఉంది. మూత తీసి, నాలుక తడుపుకుని, మళ్ళీ మూత పెట్టేసింది. ఇంకొంచెం తాగమ్మా అన్నాను. శ్రావణి ఆ పిల్ల తరఫున నాకు చెప్పింది.

"వద్దు మేడమ్. ఇంకా నాలుగు పీరియడ్లున్నయ్."

మాటల పుట్ట తల వంచుకుని ముద్ద కలుపుకుంది. మిగతా పిల్లలు డబ్బాల్లోకి చూసుకున్నారు. నేను పక్కనున్న సీసా చేతిలోకి తీసుకున్నాను. బరువుగా ఉంది. దాని పక్కది ఎత్తాను, అదీ అంతే. లేచి మెట్ల వెంట నడుస్తూ ఒక్కోటీ ఎత్తి చూశాను. పొద్దున ఇళ్ళల్లో అమ్మలు నింపి ఇచ్చిన నీళ్ళు మధ్యాహ్నానికి మెడ దాకా అలాగే ఉన్నాయి. కొత్త బ్లాకులోకి వెళ్ళాను. అక్కడ సీసాలు తేలిగ్గా ఉన్నాయి, సగం పిల్లలు కుళాయి దగ్గర మళ్ళీ నింపుకుంటున్నారు, నీళ్ళు చల్లుకుంటూ అరుచుకుంటున్నారు.

మా పనిలో దీన్ని ఫిజికల్ ట్రేసెస్ అంటారు. మనుషులు నోటితో చెప్పనిది వాళ్ళు వదిలిన ఆనవాళ్ళలో చూడడం: అరిగిన గడప, ఎవరూ కూర్చోని కుర్చీ, గడ్డిలో పడిన కాలిబాట. పుస్తకంలో చదివాను, ఎన్నో చోట్ల చేశాను. నా బడిలో అది నీళ్ళ సీసాల రూపంలో ఎదురొస్తుందని మాత్రం అనుకోలేదు.

శ్రావణిని పక్కకు పిలిచి, పొద్దున నాకు బడంతా చూపించావు, బాత్రూమ్ చూపించలేదేమని అడిగాను. ఆ పిల్ల కాసేపు చెప్పు చివర చూసుకుంది.

"గాడికి మేం పోము మేడమ్. గొళ్ళెం లేదు. ఒకరు లోపలికి పోతే ఒకరు బయట తలుపు పట్టుకోవాలె. గోడ అవతల మెకానిక్ షాపుల మాటలన్నీ ఇనపడ్తయ్. అందుకే ఇంట్ల నుంచి వచ్చేటప్పుడే పోయొస్తం, మళ్ళా ఇంటికి పోయినంకనే."

వెళ్ళి చూశాను. ఆట స్థలం దాటి, ప్రహరీ గోడకు ఆనించి, రేకు తలుపులు, పైన సగం కప్పు. అందరి ముందూ లేచి టీచరు పర్మిషన్ అడిగి, ఎండలో అంత దూరం నడిచి, తలుపు పట్టుకునే స్నేహితురాలిని కూడా పిలుచుకుని రావాలి. కొత్త బ్లాకులో అంతస్తుకు రెండు మంచి బాత్రూములున్నాయి కానీ పాత బ్లాకు పిల్లలు అక్కడికి వెళ్ళకూడదు. ఇంటర్వెల్‌లో అందరూ ఒకేసారి ఎగబడితే మెట్ల మీద ఒకమ్మాయి పడి చెయ్యి విరిగిందట. అప్పటి నుంచి సునీత మేడమ్ ఆ కట్టడి పెట్టారు. ఆవిడ జాగ్రత్త ఆవిడది, తప్పు పట్టలేను.

ఆ రేకు తలుపు ముందు నిలబడితే మా ఇల్లు గుర్తొచ్చింది. సాయంత్రం బస్సు దిగి నేను చెప్పులు కూడా విప్పకుండా, పుస్తకాల సంచి గడపలోనే పడేసి పెరట్లోకి పరిగెత్తేదాన్ని. మా బాబాయి దానికొక ఆట కట్టాడు. "పక్కకు జరుగుండ్రి, నాంపల్లి ఎక్స్‌ప్రెస్ వస్తుంది" అని అరిచేవాడు. ఇంటిల్లిపాదీ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. ఇన్నేళ్ళలో ఆ సంగతి నా పెళ్ళిలో చెప్పుకుని నవ్వారు, పిల్లలకు చెప్పి నవ్వాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక పిల్ల ఎందుకలా బిగబట్టుకుని ఉండాల్సి వచ్చిందని మాలో ఒక్కరూ అనుకోలేదు. పదేళ్ళుగా మా పాత స్నేహితురాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ బడి గురించి ఎన్ని ముచ్చట్లు చెప్పుకున్నామో! తూము, స్తంభం, కుట్టు గది, జామకాయలు, అన్నీ వచ్చాయి. ఇది రాలేదు. జ్ఞాపకం కూడా మా క్లాసు టీచర్ల లాంటిదే, బాగున్నవి బోర్డు మీద రాసి అవే చెప్పిస్తుంది. నాకు చాలా బాధనిపించింది, మా గురించి కంటే ఎక్కువగా ఆ మెట్ల మీది పిల్లల గురించి.

ఇప్పుడు రిపోర్టు సంగతి. నిజం నిజంగా రాస్తే పడగొడదామనేవాళ్ళకు ఆయుధం ఇచ్చినట్టే. రాయకపోతే నేను చేసేది ఏం పని? డ్రాయింగులు ముందేసుకుని దారి వెతికాను. పాత బ్లాకులోనే బాత్రూములు కట్టాలి. గోడలన్నీ రాయి, ఎక్కడ పడితే అక్కడ తవ్వలేం. కొత్త బ్లాకు డ్రైనేజీ లైను సందులోకి వెళ్ళేది ఒకే ఒక్క గది వెనక నుంచి. ఆ గదికి రెండు వైపులా కిటికీలున్నాయి కాబట్టి గాలికి, వెలుతురుకు ఢోకా లేదు. తరగతులకు దగ్గర, వరండాలోంచే వెళ్ళొచ్చు, వానకు తడవక్కర్లేదు. దాన్ని మించిన చోటు లేదు. అది కామేశ్వరి టీచర్ గది.

ఆవిడకు చెప్పకుండా ఆ కాగితం ఇవ్వడం నా వల్ల కాలేదు. ఆదివారం పొద్దున కాచిగూడ వెళ్ళాను. స్టేషన్ వెనక చిన్న ఫ్లాటులో టీచరు, ఆవిడ చెల్లెలు శారద గారు ఉంటారు. టీచరు బాగా వంగిపోయారు, చూపు మాత్రం అదే, నా చీర అంచు కుట్టు ఊడిన చోట ఆగింది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చినది ఒక్కటీ గుర్తు రాలేదు. బ్లాకు నిలబెట్టడానికి దారి దొరికింది కానీ మీ గదిని బాత్రూములు చేయాలి టీచర్, అని ఒక్క ఊపులో చెప్పేశాను.

ఆవిడ మొహం ఎర్రబడింది. ఇంకే గదీ దొరకలేదా అన్నారు. పైపుల సంగతి, పిల్లలు నీళ్ళు తాగని సంగతి చెప్పాను. ఆ గదిలో కుట్టు నేర్చుకుని మిషన్ పెట్టుకుని ఇల్లు నడుపుకున్నవాళ్ళున్నారని, సరస్వతి ఉన్న చోటని, ఎవరైనా వింటే ఏమంటారని అన్నారు. అన్నీ నిజాలే. ఆ తర్వాత టీచరు గొంతు తగ్గించి అడిగారు.

"పిల్లలు నీళ్ళు తాగట్లేదని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు టీచర్. సీసాలు ఎత్తి చూశాను."

ఈలోగా శారద గారు ట్రేలో కాఫీలు తెచ్చి పెట్టారు. టీచరు గ్లాసు చేతిలోకి తీసుకుని తాగకుండా పట్టుకున్నారు.

"నేను ఉద్యోగంలో చేరిన నెలలోనే పొద్దున్న కాఫీ మానేశాను పద్మా. రిటైరయ్యేదాకా ఆదివారాలూ సెలవులూ తప్ప ముట్టుకోలేదు."

శారద గారు తలుపు దగ్గర ఆగిపోయారు. "అదేవిటక్కా, వెంకటేశ్వరస్వామి మొక్కు అన్నావుగా. అమ్మ పోయేదాకా అందరికీ గొప్పగా చెప్పుకునేది."

"స్వామికి నా కాఫీ ఎందుకే," అన్నారు టీచరు.

నాకు కన్నీళ్ళు వచ్చాయి, ఆపుకోలేదు. కాఫీ తాగందే కళ్ళు తెరవని ఇంట్లో పుట్టిన మనిషి, తెల్లవారుజామునే అందరికీ కలిపి ఇచ్చి, తను మాత్రం మొక్కు పేరు చెప్పి ఖాళీ కడుపుతో బస్సెక్కేది. మాకు సూది పట్టుకోవడం నేర్పిన ఆ చేతుల వెనక ఇది ఉందని మాకెవరికీ తెలియదు. నేను లేచి వస్తుంటే టీచరు గుమ్మం దాకా వచ్చారు.

"ఆ గదే తీసుకో. రెండు వైపుల నుంచీ వెలుతురొస్తుంది, పిల్లలు భయపడరు. లోపల గొళ్ళెం మాత్రం గట్టిది పెట్టించు."

రిపోర్టు రాజలింగం గారికిచ్చాను. ఆయన పేజీలు తిప్పి, అంకెలు చూసి, ఇంతకీ పాతది మంచిదా కొత్తది మంచిదా ఒక్క ముక్కలో చెప్పమన్నారు. పాతది మంచిదే, పిల్లలు మాత్రం అందులో బాగా లేరు, ఆ గది ఇస్తే బాగుంటారు అన్నాను. బాత్రూముల సంగతి చదువుతూ ఆయన కొంచెం ఇబ్బంది పడ్డారు. ఆడపిల్లల ముచ్చట, రేపు చెప్తానని పంపేశారు. ట్రస్టువాళ్ళ ముందు దీన్ని ఎలా తీసిపారేస్తారో అని ఆ రోజంతా నాకు స్థిమితం లేదు. మర్నాడు పొద్దున దుకాణం తెరవకముందే ఫోన్ చేశారు.

"రాత్రి మా ఆమెను అడిగిన. గా బడిల చదివినన్ని ఏండ్లు పగటి పూట నీళ్ళే తాగలేదంట. ఇన్నేండ్ల కాపురంల నాకు గీ ముచ్చట తెల్వదు చూడు. పని షురూ చేయించుండ్రి, మీటింగుల నేను చెప్పుకుంట."

ఆయన మాట నిలబెట్టుకున్నారు. పాత బ్లాకు నిలిచింది. రాతి గోడకు ఎంత తక్కువ దెబ్బ తగిలితే అంత మంచిదని మేస్త్రీ వెంటపడి నేనే చేయించాను. గొళ్ళేలు నేనే ఉస్మాన్‌గంజ్ పక్క ఇనుప సామాన్ల దుకాణంలో ఏరుకొచ్చాను. పూర్తయిన రోజు సునీత మేడమ్ పిల్లలతో ప్రేయర్ చేయించాలా వద్దా అని చాలా సేపు మథనపడి చివరికి మానేశారు. పిల్లలు ఆ ప్రశ్నలేవీ పెట్టుకోలేదు, ఇంటర్వెల్ గంట కొట్టగానే వరసలో నిలబడ్డారు.

మా పాత స్నేహితురాళ్ళ గ్రూపులో మాత్రం నన్ను ఉతికి ఆరేశారు. టీచరు గదిని ఏం చేశావే, నీకు చేతులెలా వచ్చాయే అని ఒకరి తర్వాత ఒకరు. నేను జవాబివ్వలేదు. ఇవ్వాల్సినావిడే ఇచ్చారు. మేమెప్పుడో గ్రూపులో చేర్చుకున్న టీచరు, శారద గారి చేత టైపు చేయించి కాఫీ సంగతి నాలుగు మాటల్లో పెట్టారు. సాయంత్రానికి ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. ఒకామె పరీక్షల రోజుల్లో అన్నం కూడా మానేసేదట. ఒకామె నెలకు మూడు రోజులు కడుపునొప్పని ఇంట్లో ఉండిపోయేదట, అది నొప్పి వల్ల కాదట. చాదర్‌ఘాట్ నుంచి వచ్చే మా క్లాసు ఫస్టు అమ్మాయి, ఎప్పుడూ చెయ్యెత్తి జవాబు చెప్పేది, చివరి పీరియడ్‌లో లేచి నిలబడలేక జవాబు తెలిసినా కూర్చుండిపోయేదట. బడి విడిచిన ఇన్నేళ్ళకు మేము నిజంగా మాట్లాడుకున్న సాయంత్రం అదొక్కటే.

నాకిప్పటికీ ఆ వరండా అంటే ప్రాణం. ఆబిడ్స్ వైపు పని పడితే సందులోకి తిరిగి ఒకసారి చూసి వస్తాను. అయితే పనిలో ఒక్కటి మారింది. రేటింగ్ ఫారాలు ఇంకా అచ్చు వేయిస్తాను, ఆఫీసువాళ్ళకు అవి కావాలి. కొలతలు తీసుకుంటాను, వాక్‌త్రూ చేస్తాను. అన్నీ అయ్యాక, మంచి చెడ్డ ఏమిటని అడగడం మాత్రం మానుకున్నాను. అలా అడిగితే మన జనం మర్యాదకొద్దీ మంచే చెప్తారు. దాని బదులు ఆ భవనంలో రోజూ గడిపే మనిషి దగ్గర కూర్చుని, ఇక్కడికి వచ్చాక మీరు ఏం మానేశారని అడుగుతాను. మొన్న నాంపల్లిలో ఒక ఆఫీసులో ఫైళ్ళ మధ్య కూర్చున్న గుమాస్తాను అడిగాను. ఆయన తలెత్తకుండానే చెప్పాడు. ఆసుపత్రిలో ఆయాను అడిగాను, అపార్ట్‌మెంటులో కొత్త కోడలిని అడిగాను. ఆ ప్రశ్నకు జవాబు కోసం తడుముకున్నవాళ్ళు నాకింతవరకూ ఒక్కరూ తగల్లేదు.